ఏడో అంతస్తు బొట్టు

త్బిలిసీ ఉత్తరాన గ్ల్డానీలో
తొమ్మిదంతస్తుల పాత సిమెంటు మేడ.
లిఫ్టుకి నాణెం వేయాలి.
ఇరవై తెత్రీలు పడితే కదులుతుంది,
పడకపోతే ఉలకదు, పలకదు.

ఉద్యోగంలో నాకది తొలి వారం.
మల్ఖాజ్ ఓ నోటుపుస్తకం చేతికిచ్చి
"ఏమీ గీయకు. మూడు రోజులు ఊరికే చూడు" అన్నాడు.
"ఎవర్నీ అడక్కు కూడా.
అడిగితే మర్యాదకి బాగుందంటారు.
చేతులకి ఆ మర్యాద తెలీదు."

చూశాను.

నాణెం పెట్టెకి కన్నం కుడివైపు,
ఎడమవైపు రేకంతా గీతలు.
చీకట్లో దారి తప్పిన నాణేలు
ఏళ్ల తరబడి రాసుకున్న అర్జీ అది,
చదివిన నాథుడు లేడు.

తలుపు మూసే మీట అన్నిటికన్నా ఎక్కువ అరిగింది.
దాని తీగ ఎప్పుడో తెగిపోయిందట.
అయినా నొక్కుతారు, మళ్లీ నొక్కుతారు.
జవాబు రాని చోటే
మనిషి ఎక్కువసార్లు అడుగుతాడు.

రెండో రోజు లెక్కపెట్టాను:
పదిహేడుమంది ఆ ఇనప్పెట్టెకి "బోదిషి" చెప్పారు,
మన్నించమని.
నాణెం మింగి కదలకుండా నిలబడింది అదీ,
తల దించుకున్నది వీళ్లూ.
పదిహేడు తప్పులనీ
లిఫ్టు ఖాతాలో రాశాను.

మూడో రోజు త్సియాలా వచ్చింది,
సంచిలో షోతీ రొట్టెలు, ఇంకా పొగలు కక్కుతూ.
మీటల మీద అంకెలు ఏనాడో చెరిగిపోయాయి.
ఆమె వంగి చూడలేదు, వెతకలేదు.
ఒకే ఒక్క మీటకి ఎర్రటి గోళ్ల రంగు,
చిన్న బొట్టు.
బొటనవేలు నేరుగా అక్కడికే వెళ్లింది.
ఎవరు పెట్టారని అడగబోయి
అడగొద్దన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇక్కడితో ఆగాల్సింది.

కానీ మేడ సంఘం వాళ్లకి అద్దం కావాలి,
వేలు తాకితే వెలిగే నున్నటి నల్లటి అద్దం.
నాక్కూడా కావాలి, దాచడం దేనికి.
నోటుపుస్తకం సొరుగులో పడేసి
రాత్రంతా గీశాను.
అరచేతిలో వైకుంఠం చూపించాను.
అందరూ చప్పట్లు కొట్టారు.
మల్ఖాజ్ మాత్రం టీలో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు.

అద్దం బిగించిన రోజు
త్సియాలా వేలు పెట్టింది.
వెలగలేదు.
కొంగు లాంటి ఆ పెద్ద శాలువాకి వేలు తుడుచుకుని
మళ్లీ పెట్టింది.
నలభై ఏళ్లు మట్టిపొయ్యి గోడకి పిండి అతికించిన వేళ్లు,
కాయలు కాసి, కాలి, రాయైపోయిన వేళ్లు.
అద్దానికి అవి వేళ్లే కావు.
ఎర్ర బొట్టు కోసం తడిమింది.
ఆ పొద్దున్నే నేనే శుభ్రంగా తుడిచిన అద్దాన్ని తడిమింది.

"బోదిషి," అంది, దానికి.

సంచి అందుకుని నేనూ మెట్లెక్కాను.
నాలుగో అంతస్తులో ఆగి, రొప్పుతూ,
తన వేలిని నా ముందుకు చాపి
"చదువుకున్నదానివి కదా,
ఇది ఉందో లేదో నువ్వైనా చెప్పు" అని నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
ఉంది అన్నాను.
ఆ ఒక్క మాటకి
మిగతా మూడంతస్తులూ చాల్లేదు.

ఇప్పుడు మళ్లీ మీటలే.
లావుపాటివి, ఉబ్బెత్తు అంకెలవి.
నొక్కితే టక్కుమంటాయి, దీపం వెలుగుతుంది.
కన్నం ఎడమకి మారింది,
నాణెం తప్పితే పడేందుకు కింద ఓ దోసిలి.
తలుపు మీటకి తీగ కలిపించాను.

వారం తర్వాత వెళ్లి చూస్తే
ఏడు మీద ఎర్ర రంగు,
కొంచెం పక్కకి, కొంచెం కారి.
చేతిరుమాలు తీశాను,
నా పనికి మచ్చ కదా అని.
తీసి, జేబులోనే పెట్టేసుకున్నాను.

బయటికి వస్తుంటే కనబడింది,
నాలుగు మీద కూడా ఏదో ఉంది:
నలుపు దారం, జిగురుతో అంటించి, ముడివేసి.
సొరుగులోంచి తిరిగొచ్చిన నోటుపుస్తకంలో
కొత్త పేజీ తీసి రాశాను:
నాలుగో అంతస్తు. ఎవరు?